ఇత్తడి బిళ్ళకు చేసిన మర్యాద

పోయిన వారం చందనను మనం పులివెందులలో, కాంట్రాక్టర్ జయప్రకాష్ ఇంటి వరండాలో కూర్చోబెట్టి వచ్చాం. రెండు గ్లాసుల టీ తాగి, మూడోది వద్దనలేక చేతిలో పట్టుకుని ఉంది పాపం. ఆ మూడో టీ వృథా పోలేదు. గవ్వలరేవు జెట్టీ మీద నాపబండలు పరిచే పని తన పేరున వచ్చినా, పరిచింది తాను కాదనీ, జమ్మలమడుగు అబ్దుల్ వాహిద్ మేస్త్రీ అనీ ఆ పెద్దమనిషి చివరికి నోరు విప్పాడు. అబద్ధం ఆడడానికి మొహమాటపడి నిజం చెప్పేవాళ్ళు కూడా లోకంలో ఉంటారు. వాళ్ళ వల్లనే చాలా పనులు జరుగుతుంటాయి.

నడుమ వచ్చి చేరిన పాఠకుల కోసం అసలు గొడవేమిటో చెప్పుకుందాం. చందన ప్రొద్దుటూరులో బంగారు అంగడి రామకృష్ణయ్య కూతురు. కాలేజీకి పోయేదాకా సముద్రం మొహం చూడని పిల్ల. అలాంటి పిల్ల ఉద్యోగం ఇప్పుడు సముద్రం ఏ వేళకు పోటెత్తుతుందో, ఎంత ఎత్తుకు వస్తుందో ముందే లెక్కగట్టి రేవులకు చెప్పడం. చంద్రుడు గుంజేది ఎంత, సూర్యుడు గుంజేది ఎంత, ఏ తీరంలో నేల ఎంత లోతు, ఇవన్నీ కలిపి ఆమె కట్టిన కొత్త లెక్కతో పోటు వేళలు చక్కగా సరిపోయాయి. ఆఫీసులో శాలువా కూడా కప్పారు. గవ్వలరేవులో ఎత్తు మాత్రం సరిపోలేదు. ప్రతిసారీ ఆమె చెప్పినదానికంటే కట్ట మీద నీళ్ళు నాలుగు వేళ్ళు పైకే వచ్చేవి. మొన్నటి అమావాస్యకు గాలి కూడా తోడైంది. ఆ నాలుగు వేళ్ళ నీళ్ళే కట్ట దాటి జాలరుల గుడిసెల్లోకి వచ్చాయి. వలలు పోయాయి, ఆరబెట్టుకున్న చేపలు పోయాయి. మనుషులు మిగిలారు, దేవుడి దయ.

రేపు శ్రావణ పౌర్ణమి. పొద్దుగూకినాక పెద్ద పోటు. అంతకుముందే ఆ నాలుగు వేళ్ళ తప్పు ఎక్కడుందో చందన పట్టుకోవాలి.

ఏ రేవులోనైనా సముద్రం ఎత్తును కొలిచే యంత్రానికి ఒక ఆనవాలు కావాలి. జెట్టీ రాతిలో నాటిన ఇత్తడి బిళ్ళే ఆ ఆనవాలు. సముద్రం లేస్తుంది, పడుతుంది, బిళ్ళ మాత్రం కదలదు. కదలదనే నమ్మకం మీదనే లెక్కంతా నడుస్తుంది. గవ్వలరేవులో మిగతా ఆనవాళ్ళు తుఫానులో కొట్టుకుపోగా మిగిలింది ఆ ఒక్క బిళ్ళే. దాని అంచుల్లో ఎండిపోయిన కుంకుమ చూసి చందన ఆశ్చర్యపోయింది. ఆ బొట్టు పెట్టింది బండలు పరచడానికి వచ్చిన కడప వాళ్ళేనని అక్కడి జాలరి ఆవిడ కృష్ణమ్మ చెప్పింది. గుడిసెలో మోకాలెత్తు నీళ్ళు నిలిచిన మనిషి చందనను తిట్టాలి. తిట్టకుండా కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, తెలిసింది చెప్పింది. తప్పు ఎక్కడుందో పట్టుకుంటానని చందన ఆమెకు మాటిచ్చింది. ఆ తీగ పట్టుకునే చందన పులివెందుల దాకా వచ్చింది.

శుక్రవారం పొద్దున ప్రొద్దుటూరు ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. ఏడాదికి ఒక్కసారి వచ్చే ఆ శుక్రవారం బంగారు అంగళ్ళ వీధిలో కాలు పెట్టడానికి చోటుండదు. అలాంటి రోజు రామకృష్ణయ్య అంగడిని గుమాస్తాలకు అప్పగించి, కారు తాళాలు తీసుకుని, "పదమ్మా, వాహిద్ నాకు ఎరికే. మన అంగడికి బండలు పరిచింది ఆయప్పే" అన్నాడు. తల్లి కనకమ్మ మొహం ముడుచుకుంది. పూజ వేళకు ఆడపిల్ల ఇంట్లో లేకపోవడం ఏం చోద్యమని గొణిగింది. గొణుగుతూనే మేస్త్రీ భార్యకని గుగ్గిళ్ళు, జాకెట్టు గుడ్డ, తమలపాకులు కలిపి మూట కట్టి కూతురి చేతికిచ్చింది. కనకమ్మ కోపానికి ఎప్పుడూ ఒక మూట తోడుంటుంది.

కారు ఊరు దాటగానే తండ్రి ఎత్తిపొడుపు మొదలుపెట్టాడు. "నేను పొద్దున అంగడి తీస్తానే మొదట ఏం జేస్తాను? ఖాళీ కాటా చూస్తా. తూకం ఆ తర్వాత. నువ్వు చంద్రుణ్ణి అనుమానిస్తివి, సూర్యుణ్ణి అనుమానిస్తివి, గాలినీ అనుమానిస్తివి. కాటాను మాత్రం ఒదిలిపెడితివి."

ఒదిలిపెట్టలేదని చందన చెప్పుకొచ్చింది. బిళ్ళ కదిలిందేమోనని ఎప్పుడో అడిగింది. ఆమె పై అధికారి ఒక్క మాటతో నోరు మూయించాడు. పక్కనే ఉప్పుదిబ్బ రేవు ఉంది, అక్కడా ఒక బిళ్ళ ఉంది. గవ్వలరేవు బిళ్ళ కదిలితే రెండు రేవుల కొలతలకూ తేడా రావాలి. రాలేదు. కాబట్టి తప్పు బిళ్ళది కాదు, చందన లెక్కది. ఆ మాటను ఎదిరించడానికి ఆమె దగ్గర కుంకుమ ఒక్కటే ఉంది.

ఎందుకైనా మంచిది, మేస్త్రీని అడిగి చూద్దామన్నాడు రామకృష్ణయ్య. ఏడాదిలో పెద్ద బేరం రోజున అంగడి వదిలేసి, కుంకుమ బొట్టును నమ్ముకుని తనతో వస్తున్న తండ్రి వైపు చందన తిరిగింది. "నీకు శానా కష్టం పెడతాండా నాయనా" అంది. ఆయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా, కాటా సరిచేసుకునే రోజు బేరం పోయినా నష్టం లేదన్నాడు.

జమ్మలమడుగు అవతల మేస్త్రీ బండల ఫ్యాక్టరీ. నమాజు వేళ కావడంతో పాలిష్ మిషన్లు ఆపేశారు. నేలంతా రాతిపొడి కలిసిన బూడిదరంగు బురద. మేస్త్రీ ఇంకా మసీదు నుంచి రాలేదు. అల్లుడు నయీం ఎదురొచ్చి, శెట్టిగారి కూతురని తెలిసి కుర్చీలు వేయించి, "కూచోక్కా" అని ఆప్యాయంగా అన్నాడు. వచ్చిన పని చందన చెప్పేదాకా ఆమె అక్క. చెప్పగానే మేడం అయిపోయింది.

"మేం ఏ బిళ్ళనూ ముట్టుకోలేదు మేడం. బండలు పరిచినాం, వచ్చినాం. అంతే."

నయీంను తొందరపడి తిట్టుకోకండి. ఇంకో రేవులో బండలు పరిచే పని కోసం అతను అప్పుడే దరఖాస్తు పెట్టుకుని ఉన్నాడు. సర్కారు ఆనవాలు కదిలించిన వాళ్ళని పేరు పడితే ఆ పనీ రాదు, మరే పనీ రాదు. ఫ్యాక్టరీ మీద బతికే ఇళ్ళు ఒకటీ రెండూ కావు. ఆఫీసు నుంచి వచ్చిన మనిషి మంచి కోసమే వచ్చిందని ఎవడు మాత్రం ఎందుకు నమ్మాలి?

ఈలోగా వాహిద్ మేస్త్రీ వచ్చాడు. తెల్ల టోపీ, గెడ్డం, ఎండకు రాయి రంగు తేలిన చేతులు. రామకృష్ణయ్యను చూసి నవ్వాడు. అల్లుడి మొహం చూసి ఆ నవ్వు తగ్గించుకున్నాడు. చందన మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. మేస్త్రీ ఒక బండ మీద కూర్చుని, తల వంచుకుని, వేలితో రాతి మీద గీతలు గీస్తూ విన్నాడు. ఆమె చెప్పడం అయిపోయినా గీతలు గీస్తూనే ఉన్నాడు. నయీం పక్కనే నిలబడి మామ నోటి వైపే చూస్తున్నాడు.

ఇక లాభం లేదనుకుని చందన లేచింది. మూట మేస్త్రీ చేతికిచ్చి, అమ్మ పంపిందని చెప్పింది. పోతూ పోతూ, తాను ఎవరి మీదా ఫిర్యాదుకు రాలేదని, ఆ బొట్టు సంగతి చెప్పిన కృష్ణమ్మకు మాటిచ్చినందుకే వచ్చానని అంది. మొన్న నీళ్ళు వచ్చింది ఆమె గుడిసెలోకేనని కూడా అంది.

మేస్త్రీ వేలు రాతి మీద ఆగిపోయింది. "ఏ కృష్ణమ్మ? జెట్టీ కాడ, వేపమాను ఇంటి కృష్ణమ్మా?"

అవునంది చందన.

"మామా," అని నయీం ఏదో అనబోయాడు.

"నువ్వు గమ్మునుండు నయీమూ." మేస్త్రీ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "మేం ఆడ పని చేస్తాండంగా తుఫాను వచ్చింది పాపా. మా రేకుల షెడ్డు యాడికి ఎగిరిపోయిందో తెలీలా. సముద్రం అట్ల అరుస్తాదని మాకేం ఎరుక. ఆ యమ్మ వచ్చి, రాండప్పా అని మమ్మల్నందర్నీ ఇంట్లోకి పిల్చుకోని పాయ. వాళ్ళకే కూడు ల్యాకుంటే మాకు పెట్టింది. దుడ్లు ఇస్తే తీసుకోలా. ఆ యమ్మ ఇంట్లోకి నీళ్ళొచ్చినాయని నువ్వు అడుగుతాంటే, నేను అబద్ధం చెప్పి ఏ మొగం పెట్టుకోని నమాజు చేసేది?"

అప్పుడు చెప్పాడు. జెట్టీ మీది పాత బండలు గట్టిగానే ఉన్నాయి. వాటిని పెళ్ళగించకుండా పైన సిమెంటు మాలు వేసి, కొత్త బండలు పరిచారు. పరుస్తుండగా ఒక పాత బండలో ఇత్తడి బిళ్ళ కనబడింది. దాని మీద అక్షరాలున్నాయి. మన వైపు గుళ్ళలోనూ దర్గాల్లోనూ నేల ఎత్తు చేసేటప్పుడు ఒక కట్టడి ఉంది. దాత పేరు చెక్కిన రాయి ఏదైనా ఉంటే దాన్ని కింద పూడ్చరు, జాగ్రత్తగా తీసి కొత్త నేల మీద నాటుతారు. అక్షరం ఉన్నదాన్ని కాళ్ళ కింద సమాధి చేస్తే చేసినవాడికి మంచిది కాదని పెద్దల మాట. వాహిద్ ఆ పని కూలీలకు కూడా అప్పగించలేదు. తానే కూర్చుని, ఉలితో చుట్టూ తొలిచి, బిళ్ళకు గీత పడకుండా పైకి తీసి, సరిగ్గా ఆ చోటనే కొత్త బండలో నాటాడు. రసమట్టం పెట్టి వాలు లేకుండా చూశాడు. తాను బిస్మిల్లా అనుకున్నాడు. కూలీలు పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టారు.

"ఎంత మర్యాదగా చేసినామో తెలుసునా" అన్నాడు మేస్త్రీ. ఆ గొంతులో ఇంకా గర్వం ఉంది. "ఇంతకీ ఏం రాసింటిరి పాపా దాని మీద? ఇంగ్లీషు, మాకు రాకపాయ."

చందన చెప్పాలా వద్దా అని తండ్రి వైపు చూసింది. చెప్పమన్నట్టు ఆయన తల ఊపాడు.

"దీన్ని కదిలించగూడదు అని రాసుంది మామా."

నాకు ఇక్కడ ఒళ్ళు మండుతుంది. కడప నుంచి కూలీలు వస్తారని తెలుసు, జెట్టీకి బండలు పరచబోతున్నారని తెలుసు, ఆ బిళ్ళ మీదనే తీరం లెక్కంతా ఆధారపడిందనీ తెలుసు. అన్నీ తెలిసిన వాళ్ళలో ఒక్కరికి, మేస్త్రీని పిలిచి తెలుగులో ఒక ముక్క చెబుదామని తోచలేదు. అక్షరాలు లేని ఉత్త బిళ్ళ అయితే వాహిద్ దాన్ని అక్కడే వదిలేసేవాడు, దాని మానాన అది కింద ఉండేది. కదిలించవద్దని రాసినందుకే కదిలింది. ఆ తర్వాత పాత యంత్రం తీసి కొత్త యంత్రం పెట్టినవాళ్ళు, పైకి లేచిన బిళ్ళ నుంచే కొలిచి దాన్ని సరిచేశారు. బిళ్ళ నాలుగు వేళ్ళు లేస్తే, దాని నుంచి కొలిచిన సముద్రం నాలుగు వేళ్ళు దిగినట్టు కనబడుతుంది. ఆ కొలతల మీదనే చందన పోటు ఎత్తు కట్టింది. ఆమె లెక్క తప్పు కాదు, చంద్రుడిదీ తప్పు కాదు.

చందన విడమరిచి చెప్పినా మేస్త్రీకి అంతా ఒకేసారి అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం మొహం పాలిపోయింది. "అట్లయితే ఆ యమ్మ ఇంట్లోకి నీళ్ళు వచ్చింది నా చేతి పనికా తల్లీ" అన్నాడు. కళ్ళు తుడుచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

చందన బురదలోనే వంగి ఆయన కాళ్ళకు మొక్కింది. మేస్త్రీ కంగారుపడి కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. ఏడాదిగా తాను నిద్ర లేకుండా వెతికినదాన్ని ఆయన ఒక్క పూటలో ఇచ్చాడని, ఆయన నోరు మూసుకుని ఉంటే తనకు దిక్కు లేదని ఆమె చెప్పింది. "పాత బండ తీసి పారెయ్యకుండా ఒదిలిపెట్టినారు చూడు మామా, దానికి మీకు ఏమిచ్చినా తీరదు. బిళ్ళ పెరికిన గుంత ఇంకా ఆ బండలోనే ఉంటాది. మీద బండ లేపితే పాత చోటు కండ్లకు కనిపిస్తాది." ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది. తండ్రి జేబులోంచి చేతిగుడ్డ తీసి ముందు మేస్త్రీకి ఇచ్చాడు, తర్వాత కూతురికి.

వెంటనే ఆఫీసులో ఉన్న వివేక్‌కు ఫోన్ చేసింది. వివేక్ సింహాద్రిపురం పిల్లవాడు, ఆమె కింద పనిచేస్తాడు, ఆమెకంటే ఎక్కువ కంగారుపడతాడు. సంగతి విని, తన దగ్గర కూడా మంచి కబురే ఉందన్నాడు. గవ్వలరేవు లెక్క మీద ఎవరికీ నమ్మకం లేదు గనుక అక్కడి జనాన్ని పొద్దున్నే ఖాళీ చేయించారట. పడవల్లో, ఆటోల్లో, ముసలీ ముతకా అందరినీ ఉప్పుదిబ్బ రేవు పక్కనున్న బడికి చేర్చారట. "ఉప్పుదిబ్బ కొలత మీద ఎవురికీ అనుమానం ల్యాదు గదక్కా. మన లెక్క ప్రకారం రేపటి పోటు బడి మెట్టుకు మూడు వేళ్ళ కిందనే ఆగిపోతాది. నువ్వు నిమ్మళంగా రా."

కృష్ణమ్మ కూడా అక్కడే ఉందా అని అడిగింది. ఉందనీ, మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని బడి వరండాలో కూర్చుందనీ చెప్పాడు. చందన ఫోన్ పెట్టేసి ఆకాశం వైపు చూసి చేతులు జోడించింది. ఏడాది తర్వాత మొదటిసారి ఆమెకు ఆకలి వేసింది.

మేస్త్రీ భార్య అందరికీ టీ పంపింది. తమలపాకుల మూట విప్పి, కనకమ్మకు తన సలాం చెప్పమని లోపలి నుంచే కేకేసింది. గుగ్గిళ్ళు పళ్ళెంలో పోసి మళ్ళీ వీళ్ళకే పెట్టారు. రామకృష్ణయ్య తన ఇంటి గుగ్గిళ్ళు తానే తింటూ, ఇట్లాంటి బేరం ఎప్పుడూ చేయలేదన్నాడు. నయీం ఒక్కడే తినలేదు. కాసేపు అటూ ఇటూ తిరిగి, చందన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"అక్కా," అన్నాడు. మళ్ళీ అక్క అయింది. "బండ మీరు లేపిస్తే పగిలిపోతాది. కింద మాలు ఎంత మందం ఉందో కూడా తెలియాల గదా. మామను నేను పిల్చుకొస్తా. ఉలులు, గడ్డపారలు బండిలో ఏసుకుంటా. ఆ దరఖాస్తు పోతే పోనీలే."

చందన అతని రెండు చేతులూ పట్టుకుంది. పేరు పడకుండా తాను చూసుకుంటానని, నిజం చెప్పి ఆదుకున్నవాళ్ళని తన చేత్తోనే రాసి ఇస్తానని అంది. ఇంతమంది తన కోసం కాకుండా, ఎక్కడో సముద్రపొడ్డున తమకు కూడు పెట్టిన ఒక మనిషి కోసం లేచి నిలబడడం చూసి ఆమె మనసు నిండిపోయింది.

ఎండ వాలకముందే బండి సిద్ధమైంది. నయీం స్టీరింగు ముందు కూర్చున్నాడు. వాహిద్ మేస్త్రీ రసమట్టాన్ని పాత తువ్వాలులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. కారు ఎక్కబోతున్న చందనను పిలిచాడు.

"పాపా, మనం పోయే దారిలో ఉప్పుదిబ్బే గదా ముందొచ్చేది. ఆడ బండ ఈ రాత్రికే లేపేసి, గవ్వలరేవుకు పొద్దున పోదామా?"

చందన చెయ్యి కారు తలుపు మీద ఆగిపోయింది. "ఉప్పుదిబ్బలో బండ ఎందుకు లేపేది మామా?"

వాహిద్ మేస్త్రీ ఆమె వైపు వింతగా చూశాడు. అంత చదువుకున్న పిల్ల ఇంత చిన్న సంగతి అడుగుతోందేమిటా అన్నట్టుంది ఆ చూపు.

"రెండు రేవులకూ మేమే గదమ్మా ఒకే మందాన బండలు పరిచింది. ఆడ కూడా అక్షరాలున్న బిళ్ళే ఉండె. ఒకదానికి మర్యాద చేసి, ఇంకోదాన్ని పూడ్చి పెడతామా?"